తండ్రి వైపు సంగతి

రెండేళ్ల భరత్‌కు వచ్చిన తలసేమియా అనే రక్తపు జబ్బు జాడ తల్లి రక్తంలో ఉంది, తండ్రి రక్తంలో లేనే లేదు.

డాక్టర్ ప్రశాంతి బెంగళూరు నుంచి వచ్చిన మూడు రిపోర్టులనూ పక్కపక్కన పెట్టి మళ్లీ చదివింది. ఇంత తీవ్రంగా ఈ జబ్బు రావాలంటే బిడ్డకు అది తల్లిదండ్రులిద్దరి నుంచీ రావాలి.

ఎదురుగా దివాకర్ కూర్చున్నాడు. బత్తలపల్లెలో బోరు మోటార్ల దుకాణం, ఊరి బయట వేరుశనగ పొలం ఉన్నవాడు. పక్కన అతని భార్య పద్మప్రియ, ఆమె ఒడిలో పెదవులు సైతం పాలిపోయిన భరత్. వెనక దివాకర్ తల్లి ఓబులమ్మ.

"దివాకర్ గారూ, మీ ఇద్దరితో విడిగా మాట్లాడాలి" అంది డాక్టర్.

"నేనేమన్నా పరాయిదాన్నా? నా మనవడి సంగతి నా ముందరే చెప్పు తల్లీ." ఓబులమ్మ కదల్లేదు.

దివాకర్ తల వంచుకున్నాడు. డాక్టర్ జాగ్రత్తగా మాట మొదలుపెట్టింది. "మీ రక్తం ఇంకోసారి పరీక్షించాలి. మొదటిసారి వచ్చినప్పుడు మీ నాన్నగారూ, మీరూ చిన్నప్పుడు ఇలాగే పాలిపోయి ఉండేవాళ్లమని, ఇనుము టానిక్‌తో కోలుకున్నామని చెప్పారు కదా. ఆ మాట మీదే నేను పెద్ద పరీక్షలకు పోకుండా టానిక్ రాశాను. బిడ్డకు ఇనుము చాలక వచ్చిన జబ్బు కాదిది. నెలల తరబడి తాగించిన ఇనుము వాడి ఒంట్లో పేరుకుని, హాని చేస్తోంది."

ఓబులమ్మ విస్తుపోయింది. "ఎవురప్పా పాలిపోయింది? వీళ్ల నాయన చచ్చేదాకా మూటలు మోసినాడు. వీడు పుట్టినప్పటి నుంచి రాయి మాదిరి ఉండాడు. ఏం రా, టానిక్కు యాడ తాగినావు నువ్వు?"



ఓబులమ్మ చూపు రిపోర్టుల మీదికి, అక్కణ్నుంచి కోడలి మీదికి మళ్లింది. "రక్తం తీసేటప్పుడు నర్సమ్మ చెప్పె, ఇద్దరి దగ్గరా ఉంటేనే బిడ్డకొస్తాదని. నా కొడుకు దగ్గర లేదా? అయితే యాడ తెచ్చినావే ఈ జబ్బు? చెప్పు! ఇంకో గంటలో నీ మూట సర్దుకోని పుట్టింటికి పో!"

పద్మప్రియ మాట్లాడలేదు. మాట్లాడనని ఎప్పుడో ఒట్టు వేసి ఉంది. బిడ్డను గుండెకు అదుముకుని భర్త వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం లేదు, ఎదురుచూపు ఉంది.

బిడ్డ పుట్టగానే ఎవరి పోలిక అని అడగడం మన వాడుక. ముద్దుగా అడిగే ఆ మాట కొన్ని ఇళ్లలో కత్తిలా దిగుతుందని అడిగేవాళ్లు ఎరగరు. ఆ కత్తికి భయపడి మగవాడు ఎంత దూరం పోతాడో దివాకర్ ఆ రోజు తన నోటితోనే చెప్పాడు. కుర్చీలోంచి లేచి, తల్లికీ భార్యకూ మధ్య నిలబడ్డాడు.

"అమ్మా, దాన్నేమీ అనొద్దు. తప్పు నాది. నాకు పిల్లలు పుట్టరని డాక్టర్లు చెప్పినారు. దీన్ని నేనే బెంగళూరికి పిల్చుకోని పోయినా. ఎవరో దాత వీర్యంతో భరత్‌ను కన్నాం. నోరు తెరవనని బిడ్డ తల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్నా. ఊరంతా ఎవురి పోలికని అడుగుతాంటే, డాక్టరమ్మ తండ్రి వైపు జబ్బులేమని అడిగింది గూడా నాకట్లే వినపడె. జబ్బునన్నా నా పోలికని చెప్పుకుంటి. తెలీదు అని ఒక్క మాట అనింటే ఈమె అప్పుడే పరీక్ష చేయించుండు. ఇన్నాళ్లూ నా బిడ్డ నోట్లో పోసింది మందు కాదమ్మా, నా పరువు. డాక్టరమ్మా, నేను చెప్పింది రాసుకున్న ఆ పాత కాగితం చించెయ్. తండ్రి వైపు సంగతి ఏమీ తెలీదని రాసుకో. తండ్రి పేరు మాత్రం నాదే ఉండనీ."