ఏ కెమెరాతో తీశారు?

రీళ్ళాయనకి ఒళ్ళు మండిపోయింది. అప్పటికే సాయంత్రం నాలుగు దాటింది, గడువు అయిదింటికి. కెమెరా కంపెనీ పంపిన మెయిలు మూడోసారి చదివాడు. ఫోటో తుది పోటీకి ఎంపికైందట. కానీ ఫైల్లో తమ కెమెరా వివరాలు లేవట, వేరే కంపెనీ స్కానర్ పేరు ఉందట. సరైన ఫైలు పంపకపోతే రద్దు చేస్తారట.

ముప్పై ఏళ్ళుగా రీలు కెమెరా వదలలేదు గనుక వీధిలో అందరూ ఆయన్ని రీళ్ళాయన అంటారు. ఆ కెమెరా తయారుచేసింది ఈ కంపెనీయే. ఆ మోడలు వచ్చి యాభై ఏళ్ళు నిండాయని పోటీ పెట్టిందీ వీళ్ళే. తీరా రీలు మీద తీసి, స్కాన్ చేయించి పంపితే వివరాలేవీ అంటారు! నెగెటివ్‌కి వివరాలు నుదుటి మీద రాసుంటాయా?

ఇంకో బహుమతైతే పొమ్మనేవాడే. కానీ గెలిచిన ఫోటో తీసిన కెమెరాని ఫ్యాక్టరీలో ఉచితంగా బాగుచేసి ఇస్తామన్నారు. ఆరు నెలల కిందట ఆయన కెమెరాలో షట్టర్ తెర చిరిగిపోయింది. అది ఫ్యాక్టరీలో తప్ప దొరకదని మెకానిక్కులంతా చేతులెత్తేశారు. ఇక ఎప్పటికీ ఫోటో తీయలేనేమోనని ఆయనకి లోలోపల ఒకటే బెంగ.

కంపెనీకి ఫోన్ చేశాడు. ఒకమ్మాయి ఎత్తింది.

"కెమెరాలోంచి వచ్చిన ఒరిజినల్ ఫైలు పంపండి సర్."

"అందులోంచి ఫైలు రాదమ్మా, రీలు వస్తుంది."

"ఆ రీలే అప్‌లోడ్ చేసెయ్యండి సర్."

ఆయన తల ప్రాణం తోకకొచ్చింది.

స్టూడియో నడిపే బావమరిది పరుగున వచ్చాడు. మెడలో కొత్త డిజిటల్ కెమెరా, అదే కంపెనీది. "బావా, నెగెటివ్‌ని లైటు పెట్టె మీద పెట్టు. దీంతో దాన్ని ఫోటో తీసి, నలుపూ తెలుపూ తిరగేద్దాం. వివరాలు వాటంతటవే వచ్చేస్తాయి."

"మోసం కాదట్రా?"

"నీ ఫోటోకి నువ్వు ఫోటో తీసుకుంటే మోసమేంటి?"

రీళ్ళాయన లైటు పెట్టె మీద నెగెటివ్ పరిచాడు. అందులో తన కుర్చీలోనే నోరు తెరిచి నిద్రపోతున్న మంగలి, ఒళ్ళో దువ్వెన. తెర చిరిగే ముందు తీసిన చివరి రీల్లోది. అయిదుకి ఎనిమిది నిమిషాలుందనగా ఫైలు వెళ్ళింది.

రెండు వారాలకి ఫోనొచ్చింది. మొదటి బహుమతి! బావమరిది ఎగిరి గంతేశాడు. ఆయనకి కళ్ళు చెమర్చాయి.

"మీ కెమెరా పంపించండి," అన్నాడు అవతల కంపెనీ మేనేజరు. "ఫైల్లో నంబరుంది. పోయినేడాది మోడలు కదా?"

"కాదండీ, నాది పాత రీలు కెమెరా."

"మరి ఈ ఫోటో తీసింది ఏ కెమెరాతో?"

బావమరిది నోటికి వేలు అడ్డం పెట్టి సైగ చేశాడు. ఊరుకుంటే బహుమతి దక్కుతుంది, కానీ బాగయ్యేది ఏ జబ్బూ లేని కొత్త కెమెరా. నిజం చెబితే అదీ లేదు. రీళ్ళాయన బల్ల మీది పాత కెమెరా వంక చూశాడు. ఇంకొకటి చేసిన పనిని తన పనిగా చెప్పుకోవడం దానికి చేతకాదు, ఆయనకీ చేతకాలేదు. జరిగిందంతా చెప్పేశాడు.

"అయితే రూల్స్ ప్రకారం బహుమతి రద్దండీ."

"రద్దు చేసుకోండి. ఆ ఫోటో కింద మాత్రం మీ కొత్త కెమెరా పేరు వెయ్యకండి."

"ఆ పేరుతోనే పోస్టర్లు నిన్ననే అచ్చయ్యాయండి," అన్నాడు మేనేజరు, ఎంతో మర్యాదగా. "ఫోటో ఎలాగైనా వాడుకునే హక్కు ఫారంలోనే మాకు రాసిచ్చేశారు కదా."