రుజువుకు పనికిరాని పుస్తె

నేను ఒక పుస్తెను. చింతగింజంత బంగారు బిళ్లను. అప్పలనరసమ్మ మెడలో పసుపుతాడుకు నా పక్కనే ఇంకొక పుస్తె వేలాడుతూ ఉంటుంది. దాన్ని అత్తింటివారు చేయించారు, నన్ను పుట్టింటివారు చేయించారు. మా తెలుగువాళ్లలో రెండిళ్లూ చెరొక పుస్తె ఇస్తేనే పెళ్లి. ఒక్క ఇంటి మాట నమ్మి ఆడపిల్లను అప్పగించరు. ఇంత జాగ్రత్త తీసుకుని చేయించిన నన్ను పట్టుకుని, నువ్వు దేనికీ రుజువు కావు పొమ్మన్నారు. అందుకే నా సంగతి నేనే చెప్పుకుంటున్నాను.

మేముండేది మలేసియాలో, పామాయిలు తోటల మధ్య. అప్పలనరసమ్మ అమ్మమ్మ శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి ఇక్కడి రబ్బరు తోటల్లో పనికి వచ్చింది. అప్పుడు నేను ఆమె ముక్కున అడ్డబాసను. రేవులో దొరలు ఆమె పేరు అడిగారు, ఊరు అడిగారు, నోరు తెరిపించి చూశారు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. బంగారం ఏ దేశంలో దిగినా ఆ దేశపుదే. మనిషికే ఆ వీలు లేదు.

అడ్డబాస అమ్మమ్మ నుంచి కూతురికి వచ్చింది. ఆ కూతురు తన కూతురు అప్పలనరసమ్మ పెళ్లికి నన్ను కరిగించి పుస్తె చేయమని టౌనులోని తమిళ కంసాలి దగ్గరికి తెచ్చింది. "మాకు ఒక్క తాళి సాలుతుందే, మీకు రెండెందుకమ్మా?" అని అతను వచ్చీరాని తెలుగులో ఎగతాళి చేశాడు. "మాకు సాచ్చికం గట్టిగుండాల" అంది ఆమె. సాక్ష్యం గట్టిగా ఉండాలట! ఆ మాట తలచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది.

తోటలోని రామాలయంలో పెళ్లి జరిగింది. వరుసకు మేనబావ అయిన సింహాద్రి మూడు ముళ్లు వేశాడు. తోట కూలీల లైనిళ్ల జనమంతా అక్షింతలు వేసి, పప్పన్నం తిని, చేతులు కడుక్కున్నారు. రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాలని ఒక్కరికీ తోచలేదు. రాములవారి ఎదుట కట్టాక ఇంకొక సంతకమెందుకు అన్నది మావాళ్ల లెక్క. నాకు దేవుడి మీద ఫిర్యాదు లేదు. రోజూ ఆయన పేరుతోనే నాకు పసుపు రాస్తారు. కానీ ఆ రోజు ఎవరి చెవిలోనైనా ఒక్క మాట వేసి ఉంటే ఆయన సొమ్మేం పోయేదని అప్పుడప్పుడూ అనుకుంటాను.

ఇక్కడ పౌరులకు నీలం కార్డు. ఉండనిస్తారు కానీ పౌరులుగా ఒప్పుకోనివారికి ఎర్ర కార్డు. సింహాద్రిది నీలం. అప్పలనరసమ్మ ఈ తోటలోనే పుట్టినా, ఆమె పుట్టుకను ఎవరూ నమోదు చేయించలేదు కాబట్టి ఆమెది ఎర్ర కార్డు. బిడ్డకు తండ్రి పౌరసత్వం రావాలంటే అప్పటికే పెళ్లి చట్టప్రకారం నమోదై ఉండాలి. లేకపోతే బిడ్డకు తల్లి గతే. అలా వీళ్ల కూతురు నీలవేణి పుట్టగానే, జనన పత్రంలో ఈ దేశపు పౌరురాలు కాదని రాశారు. వాళ్ల కుటుంబంలో ఇక్కడే పుట్టినవాళ్లలో ఆమెది మూడో తరం. మరి ఏ దేశపుదో మాత్రం ఎవరూ రాయలేదు.

నీలవేణి బాగా చదివింది. నర్సు చదువుకు ప్రభుత్వ కాలేజీలో అడిగితే, పౌరులకే సీటు అన్నారు. ఇరవై ఒకటి నిండేలోపే పౌరసత్వానికి ఆమె పేరున ప్రత్యేకంగా అర్జీ పెట్టుకోవాలి. దాటితే ఆ తలుపు మూసేస్తారు. అప్పటికి ఆమెకు పందొమ్మిది దాటాయి.

రామాలయం కమిటీలో ఉండే గున్నయ్య మాస్టారు ఇలాంటి కాగితాల పనుల్లో అందరికీ తోడు వెళతాడు. ఆయన ఇంటికొచ్చి దారి చెప్పాడు. "ముందు మీ పెళ్లి రిజిస్టరు సేయించాల. దాంతోనే పని అయిపోద్దని నాను సెప్పను గాని, అర్జీకి బలమొస్తాది. ఇద్దరికీ ఇంతవరకు పెళ్లి గాలేదని సంతకాలెట్టాలమ్మా."

"పెళ్లి గాలేదనా?" అంది అప్పలనరసమ్మ.

"కాయితంలోనే. ఆ పూటకి పుస్తెలు తీసి సంచిలో ఏసుకో. పెళ్లి గాలేదని రాసి మెడలో ఇదేటని అడుగుతారు."

భర్త బతికుండగా పుస్తెలు తీయడమంటే మావాళ్లలో ఏమిటో తెలిసిందే. ఆ భర్త ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఒక్క గంటే కదే అమ్మా. నాకోసం," అంది నీలవేణి.

"నీకోసం మెడ కోసిమ్మను, ఇస్తాను. ఇది తియ్యను."

"మెడెవుడికి కావాలే, సీటు కావాల గాని!"

సింహాద్రి టీ గ్లాసు కింద పెట్టాడు. "నాను సచ్చినాక ఎలాగూ తీస్తాది. తొందరెందుకు?" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు కానీ ఎవరూ నవ్వలేదు.

మర్నాడు నన్ను మెడలో ఉంచుకునే ఆఫీసుకు వెళ్లింది. కౌంటరులో ఉన్న మలయ్ అధికారిణి మొదట చూసింది నన్నే. ఇదేమిటని అడిగింది. ఆ భాష ధారాళంగా వచ్చిన నీలవేణి తల్లికి చెప్పింది.

"సెప్పవే, దేవుడి ముందు పెళ్లయింది, ఊరంతా సూసింది, ఆ పెళ్లికి పుట్టినదానివి నివ్వే అని. పెళ్లి గాలేదని రాయమంటే ఆ దేవుడికేటి జవాబు సెప్పాలో ఈవిడే సెప్పాలని గూడా అను."

నీలవేణి తల వంచుకుని రెండే రెండు ముక్కలు చెప్పింది: గుడిలో జరిగింది, నమోదు కాలేదు. మిగతాది మింగేసింది. అధికారిణి నిట్టూర్చి, ఈ కాగితం చట్టం సంగతే అడుగుతుంది, గుడి సంగతి కాదు అంది. అప్పలనరసమ్మ సంతకం పెట్టింది. నన్ను మాత్రం కొంగు కిందికి జరుపుకోలేదు, పైనే వేసుకుంది.

రిజిస్ట్రారు ఎదుట నిలబెట్టి, ఇతన్ని భర్తగా ఒప్పుకుంటున్నావా అని నీలవేణి చేత అడిగించారు. "ఇంకా ఒప్పుకునేదేటి? ఇన్నేళ్లు ఈడి గురక ఇన్నాను!" అంది. గదిలో తెలుగు తెలిసినవాళ్లంతా నవ్వారు. సింహాద్రి సిగ్గుపడ్డాడు. మొదటి పెళ్లిలో కూడా అంత సిగ్గుపడలేదు. చేతికొచ్చిన పత్రంలో ఆ రోజు తేదీ వేశారు. ఆ లెక్కన తల్లిదండ్రుల పెళ్లి కంటే కూతురే పెద్దది.

నీలవేణి అర్జీ పెట్టారు. ఏడాది దాటాక కబురొచ్చింది: తిరస్కరించడమైనది. కారణం రాయలేదు. ఇరవై ఒకటికి కొద్ది నెలలే ఉన్నాయి. నీలవేణి ఆ రోజు అన్నం ముట్టలేదు. తల్లి మాత్రం తలంటుకుంది, నాకు పసుపు రాసింది, పద అంది.

ఈసారి కౌంటరులో ఒక కుర్ర గుమాస్తా ఉన్నాడు. మర్యాదగానే మాట్లాడాడు. మళ్లీ పెట్టినా లాభముండదేమో, ఇంత దూరం తిరగడం దేనికి అన్నాడు. నీలవేణి అది తల్లికి చెప్పింది.

అప్పలనరసమ్మ కౌంటరు మీద రెండు చేతులూ ఆనించింది. నేను ముందుకు వేలాడి ఆ చెక్కకు టక్కున తగిలాను. "సెప్పు. మాయమ్మమ్మ మీ రబ్బరు పాలు తీసింది, మాయమ్మ తీసింది, నాను మీ పామాయిలు గింజలేరినాను. నా బిడ్డ మీ రోగులకి సేవ సేస్తానంతంది, వొద్దంతన్నారు. లేదన్నప్పుడల్లా వొస్తాను. నివ్వు రిటైరయిపోతే నీ కుర్చీలో కూకున్నోడిని అడుగుతాను. ఈ గడువు దాటిపోతే ఇంకో తలుపు కొడతాను. నాను ఎల్లిపోడానికి ఇంకో దేశం లేదు."

నీలవేణి తల్లి ముఖం వంక చూసింది. "ఇదంతా సెప్పాలేటే?"

"సెప్పు."

నీలవేణి గొంతు సవరించుకుంది. తలెత్తి, గుమాస్తా కళ్లలోకి చూస్తూ మొదలుపెట్టింది. రబ్బరు పాల దగ్గర నుంచి ఇంకో దేశం లేదన్నదాకా చెప్పింది. వెనక వరుసలో ఉన్నవాళ్లు మాటలాపి విన్నారు. ఈసారి ఆమె ఒక్క ముక్క కూడా మింగలేదు.

గుమాస్తా కొత్త దరఖాస్తు తీసి ఆమె ముందు పెట్టాడు.