ఆయాసం లేదన్న మాట

తడిబట్టల బకెట్టుతో డాబా మీదికి వెళ్తూ ఆమె సగం మెట్ల దగ్గర ఆగి, భుజాన ఉన్న గుడ్డతో కమ్మీ తుడవడం మొదలుపెట్టింది. ఆగినట్టు కనిపించకుండా ఆగడానికి ఆమె కనిపెట్టిన పని అది. ఇంట్లో ఇంకే వస్తువూ అంతగా మెరవదు.

"ఇంక దాన్ని వదిలెయ్యవే తల్లీ, అరిగిపోతుంది! బట్టలు ఆరేదెప్పుడు?" కింద నుంచి అత్తగారు.

అత్తగారిది చెడ్డ మనసేం కాదు. రొమ్ము కాన్సరని తెలిసిన రోజు కోడలి చెయ్యి పట్టుకుని ఏడ్చిన మనిషి. కానీ కీమో అయిపోయి జుట్టు మొలవగానే, ఇంట్లో అందరి దృష్టిలో జబ్బు కూడా అయిపోయింది. మూడు వారాలకోసారి ఇంకా ఇంజెక్షను ఎక్కించుకోవాలన్న సంగతి, వీధి చివరికెళ్ళి పాల ప్యాకెట్టు తెచ్చుకున్నంత మామూలైంది. ఆఫీసులో పక్క సీటాయన "మీరు భలే గట్టివాళ్ళండీ" అంటూ తన ఫైళ్ళు కూడా ఇటు జరిపాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక తల కింద రెండో దిండు పెట్టుకుంటే, భర్త "మహారాణిగారి పడక!" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

ఆ ఇంజెక్షను మొదలుపెట్టేటప్పుడే డాక్టరమ్మ చెప్పింది. "ఈ మందు కొందరికి గుండె బలాన్ని తగ్గిస్తుంది. అందుకే మధ్యమధ్యలో గుండెకి ఎకో స్కాన్ తీసి చూస్తాం. బాగా తగ్గితే మందు ఆపి చూడాలి." మిగతా మాటలన్నీ జారిపోయి, ఆపడమన్నదొక్కటే ఆమె లోపల ముల్లులా దిగబడింది. ఆయాసమని చెబితే ఇంజెక్షను ఆపేస్తారు. ఆపితే ఆ జబ్బు తిరిగొస్తుంది. పిల్ల ఇంకా స్కూల్లోనే చదువుతోంది. మరి చెప్పకపోతే? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఆమె లేచి ఏదో ఒక గిన్నె తోమేది.

దాచడం పెద్ద కష్టం కూడా కాలేదు. డాక్టరమ్మ గదిలో ఆమె బదులు భర్తే మాట్లాడేవాడు. "ఆయాసమా? అబ్బే! ఇంటెడు చాకిరీ తనే చేస్తుందండీ. నాకన్నా హుషారు." ఆ గొంతులో గర్వం. ఆమె చాకిరీయే ఆమె ఆరోగ్యానికి సాక్ష్యం. ఆమెకి కావలసిన అబద్ధం ఆయన నోట నిజంలా పలికేది. తెలియకుండానే ఇద్దరూ కుమ్మక్కయ్యారు.

ఆ మధ్యాహ్నం ఎకో రిపోర్టు చూస్తూ డాక్టరమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది.

"కిందటిసారి కన్నా తగ్గింది. మెట్లెక్కేటప్పుడు మధ్యలో ఆగాల్సి వస్తోందా?"

"లేదండీ," అన్నాడు భర్త.

"ఆవిడని అడుగుతున్నాను."

ఆయన చిన్నబుచ్చుకున్నాడు. అయినా మంచిమాటే అడుగుతున్నట్టు ముందుకు వంగాడు. "కొంచెం తగ్గినా, ఇంట్లో పనులు చేసుకోవచ్చు కదండీ? మా అమ్మ ఇదివరకులా వంగలేకపోతోంది."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. అందులో కాఠిన్యమేమీ లేదు. అందుకే ఎక్కువ భయమేసింది. భార్య గుండె బలం తగ్గిందని విన్న మనిషికి మొదట గుర్తొచ్చింది ఇల్లు. తను మాత్రం? రాత్రిళ్ళు ఊపిరందక లేచి కూర్చున్నప్పుడు కూడా, నాకేమైనా అయితే పొద్దున వంటెవరు చేస్తారనే కదా అనుకుంది! తన గుండె గురించి ఆలోచించే మనిషి ఆ ఇంట్లో ఒక్కరూ లేరు, తనతో సహా.

"మీరు కాసేపు బయట కూర్చోండి," అంది.

"నేనా? నేనేమన్నానిప్పుడు?"

"ఏమీ అనలేదు. కూర్చోండి."

తలుపు మూసుకున్నాక మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "ఆగుతున్నానండీ. ఖాళీ చేతులతో ఎక్కినా ఆగుతున్నాను. దిండు ఎత్తు లేకపోతే పడుకోలేను. ఇంజెక్షను ఆపేస్తారన్న భయంతో చెప్పలేదు."

డాక్టరమ్మ కోప్పడలేదు. "ఈ విడత ఇంజెక్షను వాయిదా వెయ్యాల్సి రావచ్చు. గుండె డాక్టరుతో ఇప్పుడే మాట్లాడి, గుండెకి మందులు ఇవాళే మొదలుపెడదాం. గుండె కుదుటపడితే చాలామందికి మళ్ళీ ఇంజెక్షను ఇస్తాం. మీకూ అలాగే అవుతుందని మాటివ్వలేను. కానీ మీరు దాస్తే నాకు దారి కనపడదమ్మా."

భయం పోలేదు. అయితే ఇన్నాళ్ళూ ఒక్కతే మోసిన దానికి ఇప్పుడు అవతలివైపు ఇంకెవరో చెయ్యి వేశారు.

తలుపు ఓరగా తెరుచుకుంది. "అయిందా? అమ్మ ఫోన్ చేస్తోంది, వంట సంగతి ఏమిటని..."

"మీరు వెళ్ళి చూసుకోండి," అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే. "నాది ఇంకా కాలేదు."

చెప్పు విడిచి, ఇంతవరకూ ఎవరికీ చూపని వాచిన పాదాన్ని డాక్టరమ్మ ముందుకు చాపింది.