అంగుళం మంచు

సిటీలో, టాలట్‌లో లువాస్ ట్రామ్ స్టాప్ పక్కన సుఖంగా ఉన్న ఇల్లు అమ్మేసి, మా ఆయన త్రినాథ్ ములింగార్ ఊరి అవతల పొలాల మధ్య ఎకరం నేలలో ఇల్లు కొన్నారు. "గాలి బాగుంటుంది లలితా" అన్నారు. గాలి తప్ప ఇంకేముంది ఇక్కడ! గేటు నుంచి గుమ్మం దాకా ఎనభై మీటర్ల కంకర దారి. ఆ దారి బాగు చేసుకోవడానికని, ముందు బకెట్ ఉన్న బుల్లి ట్రాక్టర్ ఒకటి పాతది తెచ్చారు. సాఫ్ట్‌వేర్ మనిషికి ట్రాక్టర్! దాన్ని నేను సవతి అంటాను. ఆదివారాలు దాని కిందే పడుకుంటారు మరి.

నా కిడ్నీలు రెండూ పనిచేయడం మానేసి మూడేళ్ళయింది. మంగళ, గురు, శనివారాలు పదకొండున్నరకల్లా డయాలసిస్ కుర్చీలో ఉండాలి. కారులో నలభై నిమిషాల దూరం. కిందటేడు ఒక్క రోజు తప్పితే ఊపిరాడక అంబులెన్స్‌లో తీసుకెళ్ళారు. కాబట్టి తప్పకూడదు.

ఇంకో సంగతి. ఈ మూడేళ్ళలో మా ఆయన నాతో ఒక్కసారి కూడా పోట్లాడలేదు. అంతకుముందు పప్పులో ఉప్పు దగ్గర్నుంచి మా తమ్ముడి పెళ్ళి దాకా దేనికైనా సై అంటే సై. ఇప్పుడు నేనేమన్నా "సరే లలితా". పోయేదాన్ని ఎందుకు నొప్పించడమని కాబోలు. ఆ "సరే" వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ జనవరిలో వారం రోజులు వాన కురిసి, శుక్రవారం రాత్రి మంచు మొదలైంది. శనివారం తెల్లారేసరికి దారి మీద మోకాలి లోతు ఉంది. ఆస్పత్రి వాళ్ళు పంపే టాక్సీ అతను ఎనిమిదింటికి ఫోన్ చేసి, మా సందులోకి రాలేనన్నాడు. సందులో పాల లారీ నడిచిన జాడ ఉంది, పెద్ద రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు చల్లారట. అంటే మా కారు గేటు దాటితే చాలు.

పక్క పొలం గిడియన్ డెబ్బై ఏళ్ళ రైతు. ముందురోజు సాయంత్రమే వచ్చి మా ఆయనకి చెప్పి వెళ్ళాడు. కంకర మీద మంచు తీసేటప్పుడు బకెట్ అంచు నేలకి ఆనకూడదట, అంగుళం పైన ఉండాలట. మిగిలిన పొర అణిగి గట్టిపడితే కారు దాని మీదే వెళ్తుందట. కింద నేల తడిగా ఉంది, గోకితే కంకర లేచిపోతుందన్నాడు.

మా ఆయన గేటు దగ్గర మొదలుపెట్టి అచ్చం అలాగే చేసుకుంటూ వచ్చారు. తొమ్మిదిన్నరకి ఇంటి ముందుకి చేరారు. నేను కోటు వేసుకుని గుమ్మంలోకి వచ్చి చూశాను.

"ఏవండీ, ఇదేనా శుభ్రం చేయడం? తెల్లగా అలాగే ఉంది!"

"ఉండాలి లలితా. గిడియన్ చెప్పాడుగా."

"గిడియన్ వాకిలి ఎప్పుడైనా చూశారా? అంతా పేడే! మా అమ్మ వాకిలి ఊడిస్తే నేల కనపడేది. దీని మీద నేను జారిపడితే ఎవరిది పూచీ?"

ఆ చివరి మాట నా బ్రహ్మాస్త్రం. ఆయన ఒక్క క్షణం నా వైపు చూశారు.

"సరే లలితా" అని బకెట్ నేలకి దించారు.

గుమ్మం నుంచి సగం దారి దాకా మళ్ళీ గోకారు. కరకరమని ఒకటే చప్పుడు. పక్కన పోసిన మంచు కుప్ప బూడిదరంగుకి తిరిగింది. కంకరంతా అందులోకే పోతోందని నాకు తట్టలేదు. ఆయనకి తట్టే ఉంటుంది, కానీ నోరెత్తలేదు. నిజం చెప్పొద్దూ, నల్లగా నేల తేలితే నా ప్రాణానికి హాయిగా ఉంది.

పదింబావుకి కారెక్కాం. ముప్ఫై మీటర్లు వెళ్ళామో లేదో చక్రాలు బురదలో దిగబడ్డాయి. ఆయన యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ కారు ఇంకా కిందికి పోయింది. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత! దారి బాగానే ఉండేది, నేనే నోరు పెట్టుకుని తవ్వించాను. ఎవర్నని ఏం లాభం.

ఇంతలో డయాలసిస్ నర్సు ఫెబి ఫోన్ చేసింది. కేరళ పిల్ల, మంచిది. "ఆంటీ, పన్నెండు దాటితే ఇవాళ కుర్చీ ఇవ్వలేను. రేపు సెంటర్ ఉండదు" అంది ఇంగ్లీషులో. పొద్దున్నుంచే నా కాళ్ళు వాచి ఉన్నాయి. భయమేసింది.

ఆయన ట్రాక్టర్‌ని పచ్చిక మీదుగా తిప్పి, గేటు వైపు సగంలో, ఆ అంగుళం మంచు మీద నిలబెట్టారు. కారుకి గొలుసు కట్టి, నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి న్యూట్రల్‌లో పెట్టమన్నారు. నేను అద్దం దించాను.

"ఏవండీ, గొలుసు కాస్త ఎడమకి కడితే... పచ్చిక వైపు నుంచి లాగితే..."

ఆయన ట్రాక్టర్ దిగి వచ్చారు. మోకాళ్ళ దాకా బురద. మొహం కందగడ్డలా ఉంది.

"నోర్మూసుకుని స్టీరింగ్ పట్టుకో! నీ మాట విన్నందుకే ఈ గతి పట్టింది! బుద్ధి లేదూ నాకు? ఇంకొక్క సలహా ఇచ్చావో..."

"ఇస్తే?"

"ఇక్కడే, ఈ బురదలోనే వదిలేసి పోతా!"

నేను స్టీరింగ్ పట్టుకున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాధతో కాదు, సంతోషంతో! మూడేళ్ళకి నన్ను తిట్టారు. రేపూ ఎల్లుండీ ఉండే మనిషినే కదా ఎవరైనా తిట్టేది.

గొలుసు బిగిసింది. కారు ఒక్క కుదుపుతో బురదలోంచి లేచి, ఆయన మిగిల్చిన మంచు పొర మీదికెక్కి, గేటు దాకా నిక్షేపంగా వెళ్ళింది. ఆస్పత్రి దాకా దారి పొడుగునా ఎవరిది తప్పో తేల్చుకుంటూనే ఉన్నాం. ఇంకా తేలలేదు.

పన్నెండుకి ఎనిమిది నిమిషాలుందనగా కుర్చీలో కూర్చున్నాను. ఫెబి బీపీ చూసి, ఎక్కువుందే, ఏమైందని అడిగింది.

"మా ఆయన తిట్టారమ్మా" అన్నాను.

అయ్యో అని నా చెయ్యి నిమిరింది. నేనెందుకు నవ్వుతున్నానో ఆ పిల్లకి అర్థం కాలేదు.

సూది గుచ్చాక ఫోన్ మోగింది. బయట కార్లో కూర్చున్న మా ఆయన మెసేజ్. "వచ్చే ఏడు మంచు పడినప్పుడు నువ్వు గుమ్మం దాటి బయటికి రాకు."

ఖాళీగా ఉన్న చేత్తో టైప్ చేశాను: "వస్తాను."