తల ఎత్తినందుకు ఛాయ్

ఫండ్ ఆఫీసు మెట్ల మీద ముత్యం వణుకుతూ కూర్చున్నాడు. ఎండకు సిమెంటు కాలుతోంది, అతను మాత్రం దుప్పటి కప్పుకున్నాడు. అతని భార్య భూదేవిని మున్షీ గుమ్మం దాటనియ్యలేదు.

"జరమొచ్చినోన్ని పనిల నుంచి దింపితే ఈ ఫండ్ కూలి ఇస్తదని మీరే చెప్తిరి గద సాబ్. నెల నెలా మా కూలిల కోసుకుంటిరి గద!"

"కమిటీ కూర్చోవాలి. అప్పుడు చెప్తాం."

"ఎప్పుడు కూసుంటది?"

"కరోనా పోయాక."

తలుపు మూసేశాడు. ఎదురుగా రోడ్డు అంచున నిలబడి నేను ఇది కళ్ళారా చూశాను. కార్మికులారా, చదువుకునే పిల్లలారా, మా కథ ఆ తలుపు దగ్గరే మొదలైంది. అందుకే అక్కణ్ణుంచే చెప్తున్నాను.

సూరత్‌లో తెలుగువాళ్ళంటే అందరికీ మగ్గాలే గుర్తొస్తాయి. మాది పట్టాల బతుకు. మొదటి లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగిపోతే కడుపు చేతపట్టుకొని రైలు పట్టాల పనికి వచ్చినవాళ్ళే మాలో సగం మంది. ఉధనా స్టేషన్ నుంచి సచిన్ స్టేషన్ దాకా అరిగిన పట్టాలు మార్చడం, కంకర సర్దడం మా పని. కాంట్రాక్టరు కనుభాయ్ సేఠ్. పని పోయినా, జబ్బు చేసినా కూలి ఆగకూడదని సేఠ్ పెట్టిందే ఈ 'రోజీ రక్షా ఫండ్'. పైసలు మావి. కమిటీలో మాత్రం సేఠ్, సేఠ్ బావమరిది, ఇంకా మా రాజనర్సు.

రాజనర్సు కమిటీలోకి ఎట్లా పోయాడో చెప్పాలంటే మా పని పద్ధతి చెప్పాలి. పట్టాల మీద ఒంగి గడ్డపార వేసేవాడికి వచ్చే రైలు కనపడదు. అందుకని ఒకడు ఎర్రజెండా, ఈల పట్టుకొని దూరంగా నిలబడతాడు. అతన్ని ఝండీవాలా అంటాం. అతను ఈల వేస్తే దిగుతాం, వేయకపోతే ఒంగే ఉంటాం. ఝండీవాలాను సేఠ్ పెట్టడు, గ్యాంగే ఏరుకుంటుంది. మా ప్రాణం కాసేవాణ్ణి మేం కాక ఇంకెవరు ఏరుకుంటారు? ఏరుకున్నాక మాత్రం ఒంగినవాడు తల ఎత్తకూడదు. రైలు వస్తోందేమోనని నువ్వు తల ఎత్తి చూశావంటే ఝండీవాలాను నమ్మనట్టే. ఆ తప్పుకు అతనికి ఛాయ్ తాగించాలి, గ్యాంగంతా నవ్వుతుంటే.

రాజనర్సు ఏళ్ళ తరబడి మా ఝండీవాలా. మాలో ఒక్కరి వేలు కూడా పోనియ్యలేదు. అందుకే సేఠ్ అతన్ని కమిటీలో కూర్చోబెట్టి, సూపర్‌వైజర్ని చేసినప్పుడు మేం సంబరపడ్డాం. ఫండ్ సంగతి అతన్ని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే తల ఎత్తినట్టు కాదూ? పట్టాల మీద పనికొచ్చే మర్యాదను పట్టుకెళ్ళి సేఠ్ ఆఫీసులో పెట్టాం. మా మొద్దుతనం అది.

రాజనర్సు తర్వాత మేం ఏరుకున్న ఝండీవాలానే ముత్యం.

మర్నాడు పొద్దున ముత్యం గోలీ మింగి, మాస్కు కట్టుకొని పనికి వచ్చాడు.

"ఇంటికాడ పండరాదే" అన్నాను.

"పంటే ఎవడు పెడతడే? నిలవడుడే గద నా పని. గడ్డపార ఎయ్యాల్నా ఏంది?"

జ్వరమని చెబితే దింపేస్తారు. దింపితే కూలి లేదు, ఫండ్ లేదు. ఆ ఎండాకాలం మా గ్యాంగులో ఎన్ని జ్వరాలు మాస్కుల వెనక దాక్కున్నాయో ఎవరికీ తెలియదు.

మలుపు దగ్గర పని. అందరం ఒంగి ఉన్నాం. కంకర గంప ఎత్తుకున్న భూదేవి మాత్రం తల ఎత్తి చూసింది. మొగుడి ఒంటి వేడి తెలిసిన మనిషి, చూడకుండా ఎట్లా ఉంటుంది? జెండా నేల మీద ఉంది. దాని పక్కనే ముత్యం పడి ఉన్నాడు. ఆ వెనకాల గూడ్స్ వస్తోంది.

"దిగుండ్రో! బండి! బండి!"

గంప విసిరేసి అరిచింది. గడ్డపారలు వదిలేసి దొర్లాం. పెట్టె వెనక పెట్టె మా ముఖాల ముందు నుంచి పోతుంటే కంకరలో పడుకొని మా ఊపిరి మేమే విన్నాం. అందరం మిగిలాం. దశరథం పెద్దమనిషి, గ్యాంగులో అందరికీ బాపు. ఆయన కూర్చున్నచోటే పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ముత్యాన్ని ఆటోలో వేసుకొని ఒక ఆసుపత్రి గేటు నుంచి ఇంకో గేటుకు తిరిగాం. ఎక్కడా మంచం లేదు. ఒక గేటు ముందు ముత్యం కళ్ళు తెరిచి భూదేవిని చూశాడు.

"తల ఎత్తినవట గద" అన్నాడు. "ఛాయ్ తాపియ్యాలె."

"తాపిస్త. ఇంటికి పోదాం, తాపిస్త."

తర్వాతి గేటు చేరేలోపే పోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టాం. పట్టాల పక్కన ఖాళీ జాగాలో విస్తరి వేసి, అన్నం, చేప, దాని పక్కన గ్లాసు నిండా ఛాయ్ పెట్టింది భూదేవి. కాకి ముట్టాలి. దూరంగా నిలబడి చూస్తున్నాం. కాకి రాలేదు. చచ్చినవాడికి ఏదో కోరిక మిగిలిందని మావాళ్ళ నమ్మకం. నాకా నమ్మకాలు లేవు. ఊరంతా శవాలు కాలుతుంటే కాకులు మాత్రం ఏ కొమ్మ మీద ఉంటాయి?

దశరథం ముందుకొచ్చి చేతులు జోడించాడు. "ముత్యం, నీ ఇల్లు మేం చూసుకుంటం బిడ్డా. రారా."

రాలేదు. ఒక్కొక్కరే మాట ఇస్తున్నారు, ఒక్కొక్కరే వెనక్కి వస్తున్నారు. ఛాయ్ మీద మీగడ కట్టింది. అప్పుడు చివర నిలబడిన రాజనర్సు కాళ్ళు మడిచి కూలబడ్డాడు.

"ఇగ పిట్ట రాదే. నేనుండంగ రాదు. ఫండ్‌ల పైసల్లేవు. సేఠ్ నిరుడే తీసి కొత్త టెండరుకు డిపాజిట్ కట్టిండు. నా ముంగటనే తీసిండు."

నేను అతని ముందుకు వెళ్ళాను.

"నిరుడు తెలుసా నీకు?" అన్నాను.

"తెలుసు. సూపర్‌వైజర్ పని పోతదని భయమైంది. నేనుండే ఖోలీ గూడ సేఠ్‌దే. మీరు ఒక్కపారన్న అడుగుతరనుకున్న. అడిగితే చెప్తుంటినేమో."

"ఈల ఎయ్యకపోతివి గదరా!" దశరథం చెప్పు తీశాడు. "బండొస్తుందని తెల్సి గూడ ఎయ్యకపోతివి! నిన్ను నమ్మి ఒంగితిమి గదరా!"

నలుగురం పట్టుకుంటేగాని ఆగలేదు. నాకూ కొట్టాలనే ఉంది, అబద్ధం ఎందుకు?

భూదేవి విస్తరి ముందు నుంచి లేచింది.

"చెప్పు ఎయ్యి బాపూ. ఈన్ని తన్నితే ఏమొస్తది? ఈన్ని తీసి రేపు సేఠ్ ఇంకోన్ని కూసోవెడతడు. మనం మల్ల ఒంగుతం. పట్టా మీద ఝండీవాలాను మనమే ఏరుకుంటిమి. ఫండ్‌కు ఎందుకు ఏరుకోకపోతిమి? పైసలు మనయి, కుర్చీ ఆనిదా?"

"మనకు కుర్చీ ఎవడిస్తడమ్మా? కూలోళ్ళం" అన్నాడు దశరథం.

"కూలోళ్ళ ఫండే గదనే అది!"

ఆ మాట మీద వాదన లేచింది. సేఠ్‌ను బతిమాలదామని కొందరు, ఊరికి పోదామని కొందరు. "ఊరికెట్ల పోతవు, వట్టి చేతుల్తోని?" అని ఇంకొకరు. సంచిలో పిండి అయిపోయినవాళ్ళు, ఇంట్లో జ్వరాలున్నవాళ్ళు. చివరికి ఒక్కటే తేలింది. కమిటీలో ప్రతి కుర్చీకీ మనిషిని గ్యాంగే ఏరుకోవాలి. అందాకా గడ్డపార ముట్టేది లేదు. కాకి ముట్టిందో లేదో ఆ తర్వాత ఎవరూ చూడలేదు.

పట్టా మార్చడానికి రైల్వేవాళ్ళు ఆ లైను మీద బండ్లు ఆపి ఇచ్చే వేళ ఒకటుంటుంది. ఆ వేళ దాటితే సేఠ్‌కు జరిమానా. అట్లాంటి వేళ ఉన్న ఒక పొద్దున మేం వచ్చాం, గడ్డపారలన్నీ పట్టాలకు దూరంగా వరసగా పెట్టి, ఫండ్ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాం. ముత్యం వణికిన మెట్టు భూదేవిది.

కనుభాయ్ సేఠ్ కారు దిగాడు. మొదట తిట్టాడు, తర్వాత మెత్తబడ్డాడు. ఒక కవరు తీసి భూదేవి ముందు పట్టుకున్నాడు.

"బెహన్, నీకు జరిగింది నాకూ బాధే. ఇది తీసుకో. వీళ్ళను పనిలోకి పొమ్మను."

భూదేవి ఆ కవరును చాలాసేపు చూసింది. ఖోలీలో పొయ్యి వెలగడం లేదని నాకు తెలుసు. తీసుకున్నా తప్పనేవాణ్ణి కాను.

"ముత్యం బతికున్నప్పుడు ఈ తలుపు ఎందుకు తీయకపోతివి సేఠ్? ఇయ్యాల నాకిస్తవు. రేపు ఇంకో ఆడది ఇదే మెట్టు మీద కూసోవాలె. నాకు కవరొద్దు. లోపలి కుర్చీ కావాలె."

"కుర్చీలో కూర్చొని ఏం చేస్తావు? లెక్కలు వచ్చా నీకు?"

"నీకొచ్చినయి గద. ఏం జేస్తివి?"

మెట్లన్నీ గొల్లుమన్నాయి. ఎన్ని రోజులైందో మేం నవ్వి. సేఠ్ ముఖం నల్లబడింది. రాజనర్సు వైపు తిరిగి, "నువ్వు చెప్పు వీళ్ళకు! ఫండ్ భద్రంగా ఉందని చెప్పు!" అని అరిచాడు.

రాజనర్సు లేచాడు. జేబులోంచి పాత ఈల తీసి నోట్లో పెట్టుకున్నాడు. చెంపలు పొంగేదాకా, కళ్ళనీళ్ళు కారేదాకా ఊదాడు. పక్క లైన్ల మీద ఒంగి ఉన్న, సేఠ్ కిందే పనిచేసే వేరే గ్యాంగులవాళ్ళు పట్టాలు దిగి ఇటే పరుగెత్తుకొచ్చారు.

"ఏందే? ఏమైంది?"

"ఫండ్‌ల ఏం లేదు!" అని కేక పెట్టాడు రాజనర్సు. "మీ ఫండ్‌ల గూడ లేదు! సేఠ్ తిన్నడు. నేను చూసిన!"

ఒడియావాళ్ళు, మరాఠీవాళ్ళు, ఏ భాషవాడికి ఆ భాషలో మాట పాకింది. మెట్లు చాలలేదు, ఆఫీసు ముందరంతా నిండింది. సేఠ్ కారు ఎక్కి అద్దాలు మూసుకొని ఫోన్ చేశాడు.

పోలీసులు వచ్చారు. కరోనా కాలంలో గుంపు కూడటం నేరమన్నారు. నిన్నటిదాకా అదే గుంపును ఒక్కచోట ఒంగబెట్టి పని చేయించుకోవడం ఏ నేరమో ఎవరూ చెప్పలేదు. భూదేవిని చెయ్యి పట్టి వ్యానులోకి లాగారు. వెనకాలే నేను ఎక్కాను. నా వెనకాల దశరథం, రాజనర్సు. వ్యానులో జాగా అయిపోయింది. మిగిలినవాళ్ళు వ్యాను వెనక నడిచారు, లాఠీ దెబ్బలు తింటూనే నడిచారు. ఆ లైనులో పాత పట్టా పాత పట్టాగానే ఉండిపోయింది.

స్టేషన్ ముంగిట్లో మమ్మల్ని నేల మీద కూర్చోబెట్టారు. గోడ అవతల మావాళ్ళ గోల వినపడుతూనే ఉంది. జమాదారు కాగితం పట్టుకొని వచ్చాడు.

"మీ నేత ఎవరు? పేరు చెప్పండి."

మాకు నేత ఎక్కడ? అదే కదా మా లొల్లి.

దశరథం చేతులు జోడించి లేచాడు. "జర ఆగుండ్రి సాబ్. ఇప్పుడే ఏరుకుంటం."

జమాదారు నోరు తెరిచేలోపే గోడ వైపు తిరిగి గొంతు చించుకున్నాడు. "ఫండ్ కుర్చీల భూదేవిని కూసోవెడదామా?"

లోపల చేతులన్నీ లేచాయి. గోడ అవతల లేచిన చేతులు మాకు కనపడలేదుగానీ, మూడు నాలుగు భాషల్లో భూదేవి పేరు వినపడింది. మొదట అట్లాగే కూర్చున్న రాజనర్సు చివరికి చెయ్యి ఎత్తి, తల దించుకున్నాడు.

భూదేవి లేచి నిలబడింది. చీర కొంగుకు కంకర దుమ్ము.

"కూసుంట. గని ఒక్క మాట. నన్ను నమ్మి ఒంగకుండ్రి. ఎవడు పడితే వాడు, ఎప్పుడు పడితే అప్పుడు తల ఎత్తి చూడుండ్రి, అడుగుండ్రి."

కొంగుతో ముఖం తుడుచుకొని మళ్ళీ మావైపు చూసింది.

"తల ఎత్తినోనికి ఛాయ్ నేను తాపిస్త."