నాలుగు సెకన్లు

గొంతు ఆపరేషన్ అయ్యేదాకా మా పిన్నితో మాటల్లో నెగ్గినవాళ్లు మా ఇంట్లో లేరు. ముప్పై ఏళ్లు బట్టల కొట్లో కౌంటరు వెనక నిలబడి, ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్ల చేత కూడా రెండు జతలు కొనిపించిన మనిషి. స్వరపేటిక తీసేశాక ఆస్పత్రివాళ్లు ఆవిడకి పలకలాంటి యంత్రం ఒకటి ఇచ్చారు. దాని మీద అక్షరాలు నొక్కితే అది పైకి చదువుతుంది. ఇంట్లో అందరం దాన్ని గొంతు అనే పిలుస్తాం. గొంతు చార్జింగులో పెట్టావా, గొంతు సోఫాలో మర్చిపోయావు, ఇలా.

ఆ యంత్రాలు తయారుచేసే కంపెనీలోనే నేనూ, మా అక్క భర్తా పనిచేస్తాం. లోపల అన్నిటికీ అడుగున ఉండి మిగతా ప్రోగ్రాములను నడిపించే కెర్నెల్ మా ఇద్దరి బాధ్యత. అందులో ప్రాసెసర్ వేగం చూసుకోవడం నా వాటా. పనుంటే పరిగెత్తించాలి, లేకపోతే నెమ్మదించాలి. ఎప్పుడూ పరిగెత్తిస్తే మధ్యాహ్నానికే బ్యాటరీ చేతులెత్తేస్తుంది. వినడానికి ఇంతే. పని లేదని ఎప్పుడు అనుకోవాలన్న దగ్గరే చిక్కంతా.

పిన్ని జన్మలో టైపు చేసి ఎరగదు. ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటుంది. అక్షరానికీ అక్షరానికీ మధ్య రెండు సెకన్లు, ఒక్కోసారి మూడు. ఆ ఖాళీలో లెక్కప్రకారం ప్రాసెసర్‌కి పనేమీ లేదు. కానీ అక్కడ ఒక మనిషి మాట మధ్యలో ఉంది. మళ్లీ వేలు తగిలే సమయానికి ప్రాసెసర్ అట్టడుగున ఉంటే, మెట్టు మెట్టుగా పైకెక్కి, తర్వాతి పదం ఊహించి, దాన్ని పలికేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. అందుకే వేలు తగలగానే ఒక్క గెంతులో పై వేగానికి వెళ్లి, చివరి అక్షరం తర్వాత నాలుగు సెకన్లు అక్కడే ఆగేలా రాశాను. ఆ నాలుగు గాల్లోంచి రాలేదు. మూడు ఆదివారాలు స్టాప్‌వాచీ పట్టుకుని పిన్ని పక్కన కూర్చుంటే వచ్చింది. నా వేళ్లేమైనా గుర్రాలా, పందెం కాస్తున్నావా అని అప్పుడు యంత్రం చేత తిట్టించింది.

నాకీ పని నేర్పింది బావే. చేరిన కొత్తలో నేను రాసినదాన్ని కాగితాల మీద అచ్చుతీసి, ఎర్రసిరాతో దిద్ది ఇచ్చేవాడు. ఇంటికెళ్లి అక్కతో మాత్రం, మీ చెల్లికి బుర్ర ఉంది కానీ వాడకుండా కొత్తదిగానే దాచుకుంది అనేవాడట. మా దగ్గర ఒక నియమం ఉంది. ఒకరు చేసిన మార్పును ఇంకొకరు చదివి సంతకం పెట్టకపోతే అది యంత్రాల్లోకి వెళ్లదు. బావ రాస్తే నేను, నేను రాస్తే బావ. తొమ్మిదేళ్లుగా అంతే.

వేసవి మొదట్లో కొత్త వెర్షన్ అందరి యంత్రాల్లోకీ వెళ్లింది. ఆ తర్వాతి ఆదివారం అక్కావాళ్లింట్లో భోజనాల దగ్గర బావ తన బట్టతల మీద తనే ఏదో జోకు వేసుకున్నాడు. పిన్ని కళ్లు మెరిశాయి. గబగబా గొంతు అందుకుంది. నొక్కుతోంది, అక్షరం తెర మీదికి రావడం లేదు. మళ్లీ నొక్కింది, రెండుసార్లు పడింది. చెరుపుకుంది. ఈలోగా మేం బట్టతల వదిలేసి, పక్కింటివాళ్ల పంపు చప్పుడు మీదుగా అక్క మోకాలినొప్పికి వచ్చేశాం. అక్క ఎక్సరే గురించి చెబుతుండగా గొంతు పలికింది.

"ఆ దువ్వెన ఇక నాకిచ్చెయ్యి అల్లుడూ."

మోకాలికీ దువ్వెనకీ సంబంధమేమిటో ఎవరికీ తోచలేదు. అక్క మొహం చిన్నబుచ్చుకుంది. పిన్ని యంత్రాన్ని బోర్లించి, తలొంచుకుని అన్నం తింది. ఆరోజు మొదలు తలూపడమే తప్ప మాట్లాడటం మానేసింది. నేనేం చేశానో చెప్పుకోవాలి కదా, సాధన చెయ్యడం మానేశావు కాబట్టే ఇలా అయిందని ఆవిణ్ణి కేకలేశాను. 

ఇలాంటి యంత్రాలు వాడేవాళ్లు పన్నెండుమంది మంగళవారాలు ఆస్పత్రిలో కలుసుకుని మాట్లాడటం సాధన చేస్తారు. రెండు వారాల తర్వాత అక్కణ్ణించి రాగానే పిన్ని ఒక కాగితం నా చేతిలో పెట్టింది. మా అందరికీ ఇదే జబ్బు, పన్నెండుమంది వేళ్లూ ఒకే వారంలో ముసలివైపోవు కదే అని రాసుంది.

మర్నాడు పిన్ని యంత్రాన్ని ఆఫీసుకి తీసుకెళ్లాను. కేబుల్ తగిలించి, వేగం గీత చూస్తూ, ఆవిడలాగే ఆగి ఆగి నొక్కాను. వేలు తీశానో లేదో గీత కింద పడింది. నా నాలుగు సెకన్ల స్థానంలో నలభై మిల్లీసెకన్లు ఉన్నాయి. గెంతు అసలే లేదు. తప్పు నాదేనేమోనని మార్పుల చరిత్ర తెరిచాను. "వ్యాఖ్యల్లో అక్షరదోషాల సవరణ" అన్న పేరుతో మూడువందల పంక్తులున్న మార్పు ఒకటి కనిపించింది. వ్యాఖ్యలంటే ప్రోగ్రాములో మేం మాకోసం రాసుకునే గమనికలు, యంత్రం వాటిని పట్టించుకోదు. ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్లాను. అన్నీ అక్షరదోషాలే. నూట తొంభయ్యో పంక్తి తర్వాత రెండు మాత్రం కావు. రాసినవాళ్ల చోట బావ పేరు. చదివి ఒప్పుకున్నవాళ్ల చోట నా పేరు.

ఆ రోజు గుర్తుంది. లిఫ్టు కోసం నిలబడి ఉండగా బావ దగ్గర్నించి మెసేజి వచ్చింది, చిన్నదే, ఓ చూపు చూసి సరే అనెయ్యమని. చూపు కూడా చూడలేదు. బావ కదా అని లిఫ్టు తలుపులు తెరుచుకునేలోపు సంతకం పెట్టేశాను.

బావ పరీక్షల గదిలో ఉన్నాడు. బల్ల నిండా యంత్రాలు వరసగా వెలుగుతున్నాయి. ఆ రెండు పంక్తులూ అచ్చుతీసిన కాగితం ఆయన ముందు పెట్టి, కావాలనే చేశావా అని అడిగాను. కాదంటాడని ఎంత ఆశపడ్డానో నాకే తెలుసు. ఆయన కాదనలేదు. బ్యాటరీ పద్నాలుగు గంటలు రావాలని మా పైఅధికారి పట్టుబట్టాడట. మేం ఆయన్ని వెనకాల పద్నాలుగు గంటలాయన అనే అంటాం. పెట్టెల మీద ఆ అంకె ముందే అచ్చయిపోయిందట. నా నాలుగు సెకన్లతో తొమ్మిదికి మించి రావట్లేదట. పరీక్షించే కుర్రవాళ్లంతా చకచకా టైపు చేసేవాళ్లే కాబట్టి ఇక్కడ ఎవరికీ తేడా తెలియలేదట. రోజువారీ పని గురించి చెప్పినట్టు చెప్పాడు.

"నాకు చెప్పాల్సింది కదా బావా. అక్షరదోషాల మధ్యలో దాచి పంపిస్తావా?"

"చదివితే నువ్వు ఒప్పుకోవని తెలుసు," అన్నాడు. ముందున్న యంత్రం ఒకటి ఆపి, "చదవవని కూడా తెలుసు," అన్నాడు.

చెంప పగలగొట్టినా అంత మండేది కాదు. ఆయన్ని నమ్మాను కాబట్టి చదవలేదు. ఆ నమ్మకాన్నే కొలిచి, సరిగ్గా సరిపోయేంత గొయ్యి తవ్వాడు. ఇన్నాళ్లూ ఆయన నన్ను మెచ్చుకున్న ప్రతి మాటా నెమరేసుకుని, వాటిలో ఎన్ని నిజమోనని అక్కడే నిలబడి ఏడ్చాను. ఆ ఆదివారం భోజనాల బల్ల దగ్గర ఈయన కూడా ఉన్నాడు. పిన్ని మాట ఎందుకు ఆలస్యమైందో తెలిసిన మనిషి ఆయనొక్కడే. పెరుగు వడ్డించుకున్నాడు.

ఏడుపయ్యేదాకా ఆగి, దారి చెప్పాడు. సంతకం ఇద్దరిదీ ఉంది కాబట్టి బయటపెడితే ఇద్దరం పోతాం, అక్క కూడా నలిగిపోతుంది. పిన్ని యంత్రం ఒక్కదానిలో నీ పాత అంకెలు పెట్టుకో, నేను సంతకం పెడతాను అన్నాడు. ఈసారి చదివే పెడతానని నవ్వాడు కూడా.

ఆ నవ్వు మొహాన ఉమ్మేయాలనిపించింది. ఉమ్మేయలేదు. పాత అంకెలు పెట్టుకున్నాను.

సాయంత్రం యంత్రం ఇవ్వగానే పిన్ని రెండక్షరాలు నొక్కి చూసింది. కుర్చీలో నిటారుగా సర్దుకుంది. జుట్టేంటే, పిచ్చుక గూడు అద్దెకిచ్చావా అని గొంతు టక్కున అంది. నేను నవ్వేశాను. చాలా రోజుల తర్వాత ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆవిడ మళ్లీ వెతుక్కుంటూ నొక్కింది.

"మా వాళ్లందరివీ బాగయ్యాయా?"

అయ్యాయని చెబుదామని నోరు తెరిచాను కానీ అబద్ధం రాలేదు. మొత్తం చెప్పాను. సంతకం, నలభై, బావ అన్న మాటలు, చివరికి నేనేం ఒప్పుకుని వచ్చానో కూడా. బావని తిడుతుందనుకున్నాను, నన్ను దగ్గరికి తీసుకుంటుందనుకున్నాను. ఆవిడ అంతా విని యంత్రం ఒళ్లో పెట్టుకుంది. ఒక్కో అక్షరమే నొక్కుతూ చాలాసేపు తీసుకుంది. నేను రాసిన నాలుగు సెకన్లు ఆవిడ వేలి కోసం ప్రతిసారీ ఆగాయి. ఒక్క అక్షరం కూడా తడబడలేదు.

"అల్లుడు నీకు చెప్పకుండా నీ చేత చేయించాడు. పాపం అనుకున్నాను. నువ్వు తెలిసి పదకొండుమంది నోళ్లు మూసి, నాది తెరుచుకొచ్చావు."

అది కాదు పిన్నీ అన్నాను.  ఆవిడ యంత్రం ఆపేసి, నా చేతిలో పెట్టి, లేచి వెళ్లిపోయింది.

ఇవాళ మంగళవారం. పిన్ని ఆస్పత్రికి ఉత్త చేతులతో వెళ్లింది. గొంతు నా బల్ల మీద ఉంది.