అడ్డంగా ఉండాల్సిన సీసా

కనకదుర్గ కోటు విప్పుతూనే కౌంటర్ కిందికి వంగి చూసింది. మళ్ళీ సీసాను నిలబెట్టేశాడు మహానుభావుడు! కార్కు ఎండిపోతుందయ్యా, అడ్డంగా ఉంచాలయ్యా అని ఈ చక్రధర్‌కి ఎన్నిసార్లు చెప్పాలి? వైన్ షాపు పెట్టగానే సరా? పాత తువ్వాలు పరిచి సీసాను పడుకోబెట్టి, దొర్లిపోకుండా తెల్లరాయి అడ్డం పెట్టింది.

ఆ రాయి ఇచ్చింది రెనే, షాపుకొచ్చే ముసలాయన. ఫ్రాన్స్‌లో ఎక్కడో కొండవాలు మీదున్న చిన్న ఊరు ఆయనది. వయసులో ఉండగా కెనడాలోని ఈ ఎడ్మంటన్‌కి వచ్చిపడ్డాడు. ఆ ఊరి నేలంతా సున్నపురాయేనట, ద్రాక్షవేళ్ళు దాన్ని చీల్చుకుని దిగుతాయట, వైన్‌లో ఆ రాయి రుచే తెలుస్తుందట. ప్రతి శనివారం ఆ ఊరి వైన్ కొనడానికి వచ్చి ఇదే పురాణం. వినలేక ఒకరోజు కనకదుర్గ, "మా పిడుగురాళ్ళ చుట్టూ సున్నపురాయి క్వారీలే, మాకేం కొత్త కాదు" అనేసింది. మరుసటి వారం రాయి తెచ్చి చేతిలో పెట్టాడు. తడిపి చూస్తే, నాన్న పనిచేసిన క్వారీ మీద వాన పడినప్పటి వాసనే.

ఆమె జన్మలో చుక్క ముట్టలేదు. భర్త ఉద్యోగం పోయినప్పుడు దొరికిన పని ఇది. గుళ్ళో ఎవరైనా అడిగితే "రిటైల్‌లో చేస్తున్నా" అని మాట మార్చేస్తుంది.

ఆ వైన్ ఇంకెవరూ కొనడం లేదని చక్రధర్ తెప్పించడం మానేశాడు. మిగిలింది ఈ ఒక్కటే. రెండు శనివారాలుగా ముసలాయన జాడ లేదు. చెప్పాపెట్టకుండా ఏమైపోయాడో!

మధ్యాహ్నం చక్రధర్ స్నేహితుడు పాండురంగ వచ్చాడు, బాస్‌కి గిఫ్ట్ కావాలంటూ.

"దుర్గాంటీ, ఆ ఫ్రెంచ్ బాటిల్ ఇచ్చేయండి. ఎన్నాళ్ళు దాస్తారు?" అన్నాడు చక్రధర్.

"అది రెనేగారిది."

"ఆయన రాకపోతే?"

"రాక ఎక్కడికి పోతాడు?"

"ఐస్ వేసుకుని తాగొచ్చా ఆంటీ అది?" అన్నాడు పాండురంగ.

"కూల్‌డ్రింక్ అనుకున్నావా నాయనా?" అని, మెరిసే లేబుల్ ఉన్న ఇంకో సీసా అతని చేతిలో పెట్టి పంపించేసింది.

షాపు మూసే వేళకు రెనే కూతురు వచ్చింది. రెండు వారాలు ఆసుపత్రిలో ఉండి మంగళవారం పోయాడట. రేపు చర్చిలో అంత్యక్రియల ప్రార్థన అయ్యాక అందరికీ తలా గుక్కెడు ఆయన ఊరి వైన్ పోయాలని ఉందట. "ఇంకా ఉందా?" అని అడిగింది.

కనకదుర్గకు ఒళ్ళు మండిపోయింది. ఈ ఒక్క సీసా కోసం తను ఎంతమందితో పోట్లాడింది! ముందే వచ్చి పట్టుకుపోతే ఏం పోయింది ఆ ముసలాయనకి? కళ్ళు తుడుచుకుని, సీసాను తువ్వాల్లోనే చుట్టి ఇచ్చింది.

"కారులో నిలబెట్టకమ్మా. అడ్డంగా పెట్టు" అని రెండుసార్లు చెప్పింది.

కౌంటర్ కింద తెల్లరాయి అక్కడే ఉంది. దొర్లిపోవడానికి దాని పక్కన ఇప్పుడు ఏమీ లేదు.